పాప ఫైలు పెండింగులో పెట్టడం ఎలా?

రెవెన్యూ శాఖలో 26 ఏళ్ళ సర్వీసు నాది. ఇన్నేళ్ళలో నేను నేర్చిన విద్య ఒక్కటే. ఫైలు కదలకూడదు, కదులుతున్నట్టు మాత్రం కనపడాలి. మ్యుటేషన్ కోసం వచ్చిన రైతుకి ‘కాదు’ అని చెప్పకూడదు. చెబితే పై ఆఫీసుకి పోతాడు. ‘వీఆర్వో రిపోర్టు రావాలి’ అనాలి. రిపోర్టు వచ్చాక ‘సర్వేయరు కొలతలు రావాలి’ అనాలి. కొలతలు వచ్చేసరికి ఎలాగూ రిపోర్టు పాతబడి ఉంటుంది. ఆయన తిరుగుతూనే ఉంటాడు, మనం పనిచేస్తూనే ఉంటాం.

ఈ విద్య ఇంట్లోనూ అక్కరకొస్తుందని మొన్న దసరా దాకా తెలియలేదు. మా చిన్నమ్మాయికి పదహారేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ, హాస్టలు. పిల్లకి మనసు బాగాలేదని నా కంటపడ్డ రోజు నుంచి దాన్ని డాక్టరు ఎదుట కూర్చోబెట్టిన రోజుకి 172 రోజులు. ఈ మధ్యలో నేను ఖాళీగా ఉన్నానని ఎవరూ అనలేరు. ప్రతి వారం ఏదో ఒక కాగితం కదిలించాను. నాలాంటి తండ్రులు ఇంకా ఎందరో ఉంటారు కాబట్టి నా పద్ధతులు రాసి పెడుతున్నాను.

ముందు దానికి ఇంకో పేరు పెట్టండి

దసరా సెలవులకు వచ్చిన పిల్ల పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు మంచం దిగలేదు. తల దువ్వించుకోలేదు. కోడికూర వండితే గిన్నె అడుగు కూడా వదలని పిల్ల, రెండు ముద్దలు కెలికి చెయ్యి కడిగేసుకుంది. వాళ్ళక్క ఏదో సరదాకి అంటే గ్లాసు విసిరికొట్టింది. ఓ రాత్రి మూడింటికి మంచినీళ్ళకు లేస్తే, హాల్లో లైటు వేసుకోకుండా కూర్చుని ఉంది. ‘ఏంటమ్మా?’ అన్నాను. ‘ఏం లేదు నాన్నా’ అంది. ఏం లేదని పార్టీయే స్వయంగా వాంగ్మూలం ఇచ్చింది. రికార్డు చేసుకుని వెళ్ళి పడుకున్నాను.

పేర్లకు మన దగ్గర కొదవలేదు. బద్ధకం, పొగరు, వయసు, ఫోను, హాస్టలు తిండి, నరదిష్టి. ఒక్కో పేరుకి ఒక్కో చికిత్స ఉంది. ఫోను అనుకుంటే లాక్కోండి. పొగరు అనుకుంటే రెండు రోజులు మాట్లాడకండి. వయసు అనుకుంటే ‘మా కాలంలో మాకు ఇవన్నీ ఉన్నాయా’ అని మొదలుపెట్టి కిరోసిన్ దీపం దగ్గర చదివిన కథ చెప్పండి. నేను మూడూ చేశాను. కిరోసిన్ దీపం కథ మధ్యలో పిల్ల లేచి వెళ్ళిపోయింది. పొగరని మళ్ళీ రుజువైంది.

ఈ వయసు పిల్లలకి దిగులు ఎప్పుడూ పెద్దవాళ్ళకు వచ్చినట్టే రాదట. చిరాకుగా, కోపంగా, కడుపునొప్పిగా, తలనొప్పిగా కూడా వస్తుందట. నిద్ర, తిండి, ఇష్టంగా చేసే పనులు తప్పిపోయి రెండు వారాలు దాటితే డాక్టరుకి చూపించాలట. ఆ రెండు వారాల లెక్కతోనే జాగ్రత్త. దసరా నుంచి మొదలెడితే దీపావళికి లెక్క తేలిపోతుంది. పిల్ల హాస్టలుకి వెళ్ళిన రోజున ఆ లెక్క కొట్టేసి, మళ్ళీ ఇంటికొచ్చిన రోజు నుంచి కొత్తగా మొదలుపెట్టండి. గడువు తేదీ పెంచుకోవడం మనకేమన్నా కొత్తా?

అసలు పేరు మాత్రం నోట రానివ్వకండి. తిక్కగా మాట్లాడినవాణ్ణి హైదరాబాదు వైపు వాళ్ళు ‘ఎర్రగడ్డకి పంపాలి’ అంటారు, మా వైపు ‘వాల్తేరు పంపాలి’ అంటాం. పెళ్ళి విడిదిలో, ఆఫీసు క్యాంటీన్‌లో, రైల్లో ఆ మాట నేను ఎన్నిసార్లు అని ఉంటానో, ఎంతమందిని నవ్వించి ఉంటానో. యాభై ఏళ్ళు వేసిన జోకు ఒకరోజు మన గుమ్మంలోకే వచ్చి నిలబడితే, ఎవరో తెలియనట్టు తలుపేసుకోవడమే మర్యాద.

పరీక్షలన్నీ చేయించండి, ఒక్కటి తప్ప

మనసు సంగతి మరుగున పడేయడానికి ఒంటికి మించిన అడ్డం లేదు. కడుపునొప్పి అంది కాబట్టి మా వీధి ఆర్ఎంపీతో మొదలుపెట్టాను. గ్యాస్ అన్నాడు. తర్వాత పిల్లల డాక్టరు, తర్వాత కడుపు డాక్టరు, స్కానింగు. రక్తం తక్కువా అని, థైరాయిడ్ ఉందా అని, బీ12, డీ విటమిన్ చూశారు. ఆ పరీక్షలు చేయించడం తప్పేమీ కాదు. నీరసానికీ నిరాశకీ కొన్నిసార్లు థైరాయిడే కారణం కావచ్చు కాబట్టి మానసిక వైద్యులూ మొదట అవే రాస్తారు. నా ప్రత్యేకత అంతా వాటి తర్వాత ఏం చేశానన్న దాంట్లో ఉంది.

రిపోర్టులన్నీ నార్మల్ వచ్చాయి. డీ విటమిన్ కొంచెం తక్కువ, అది మన ఊళ్ళో ఎవరికి తక్కువ కాదు? ‘ఒంట్లో ఏం లేదండీ, ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి’ అని కడుపు డాక్టరు చీటీ వెనకాల రాసిచ్చాడు. ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చొక్కా ఉతుక్కి వెళ్ళింది. నేను కావాలని వేశానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ప్రమాణం చేసి చెప్పలేను.

నార్మల్ రిపోర్టుని ఎలా వాడాలో చూడండి. దాన్ని పిల్ల ముందు పెట్టి ‘చూశావా, అన్నీ బాగానే ఉన్నాయి, మరి నొప్పి ఎక్కడ?’ అని అడగాలి. నొప్పి ఉందని పిల్ల అంటోంది, లేదని కాగితం అంటోంది. మన శాఖలో ఎప్పుడూ కాగితమే గెలుస్తుంది. ఆ రోజు నుంచి పిల్ల కడుపునొప్పి అనడం మానేసింది. తగ్గిందనుకున్నాను. తర్వాత రెండో ల్యాబులో అవే పరీక్షలు మళ్ళీ చేయించాను. మొత్తం 14 వేలు. ఆ బిల్లులు ఇప్పటికీ ఫైలు చేసి ఉన్నాయి.

కాలేజీని సంప్రదించండి

హాస్టలు ఫ్లోర్ ఇన్‌చార్జి రెండుసార్లు ఫోను చేశాడు. ‘స్టడీ అవర్స్‌లో పడుకుంటోంది సార్, వీకెండ్ టెస్టులో కింది నుంచి మూడో స్థానం, సెక్షన్ మార్చేశాం.’ కింది సెక్షన్‌కి మారిస్తే పట్టుదల పెరుగుతుందని వాళ్ళ నమ్మకం. మార్చిన వారానికి పిల్ల వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడటం మానేసింది. ‘హలో, ఆ, తిన్నాను, ఆ, పెట్టేస్తున్నా.’ ఇంతే.

డిసెంబరులో నేనే వెళ్ళాను. మా ఆఫీసులో ఒక కుర్రవాడు చెప్పగా ఓ తీర్పు సంగతి తెలిసింది. విశాఖపట్నంలో 2023లో నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ళ పిల్ల కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశం మొత్తానికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మందికి తక్కువ కాకుండా పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరు కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. ఇవన్నీ ప్రింటు తీయించి చేతిలో పట్టుకుని వెళ్ళాను.

‘కౌన్సెలర్ ఉన్నారండీ’ అని గది చూపించారు. తలుపు మీద బోర్డు కూడా ఉంది. లోపల కొత్త యూనిఫారాల కట్టలు ఉన్నాయి. కౌన్సెలర్ ఎవరంటే లెక్కల సారు, ఆయన క్లాసులో ఉన్నారు. ఆయన వచ్చి పిల్లని నా పక్కనే కూర్చోబెట్టుకుని పది నిమిషాలు కౌన్సెలింగ్ ఇచ్చారు. పోయిన ఏడాది ఇలాగే డల్ అయిన అబ్బాయి ఎలా పుంజుకుని ఎంత ర్యాంకు తెచ్చుకున్నాడో కంప్యూటరులో గ్రాఫు చూపించారు. పిల్ల తలూపింది. నేనూ ఊపాను. నా చేతిలోని ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈసారి ప్యాంటు జేబు.

ఆఫీసు బోర్డు మీద అధికారి పేరుండి, కుర్చీలో మనిషి లేకపోతే అర్జీదారుకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కానీ తగువు పెట్టుకోకండి. ఏడాది ఫీజు ముందే కట్టి ఉంటారు. పిల్లని తీసుకెళ్ళిపోతే తిరిగి ఇవ్వరు. ఆ డబ్బే పిల్లని అక్కడ ఇంకో నెల ఉంచుతుంది.

గేటు దగ్గర ఓ ప్రకటన అంటించి ఉంది. వేలిముద్రలు చూసి పిల్లల బుర్ర ఎలాంటిదో, ఏ కోర్సు సరిపోతుందో చెబుతారట, ఆరు వేలు. వేలిముద్రలు నేనూ రోజూ చూస్తాను, పాసుపుస్తకాల మీద. వాటిలో మనిషి బుర్ర కనబడటం ఎన్నడూ చూడలేదు. అయినా కట్టాను. నలభై పేజీల రంగు రిపోర్టు ఇచ్చారు. పాపకి నాయకత్వ లక్షణాలున్నాయట.

దేవుణ్ణీ, దిష్టినీ వదలకండి

సంక్రాంతికి వచ్చిన పిల్ల తిరిగి వెళ్ళనంది. ముగ్గు వేయడానికి బయటికి రాలేదు. ‘గాలి సోకిందిరా, పండగపూట మొహం చూడు’ అంది మా అమ్మ. ఉప్పు తిప్పాం, మిరపకాయలు కాల్చాం, ఇంటి ముందు గుమ్మడికాయ కట్టాం. తర్వాత ఆటో కట్టుకుని ఇరవై కిలోమీటర్ల దూరంలో తాయెత్తు కట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళాం.

ఇక్కడ నా పద్ధతికి అనుకోని దెబ్బ తగిలింది. ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘ఎన్నాళ్ళైందమ్మా నిద్రపోయి?’ అని దాన్నే అడిగాడు. మూడు నెలలుగా ఆ ప్రశ్న ఎవరూ దాన్ని అడగలేదు. ల్యాబు అడగలేదు, లెక్కల సారు అడగలేదు, నేను అడగలేదు. పిల్ల అక్కడే ఏడ్చేసింది. ఆయన తాయెత్తు కట్టి, డబ్బు ముట్టకుండా, ‘బాబూ, ఇది నా చేతిది కాదు. పెద్దాసుపత్రిలో చూపించు’ అని నాతో అన్నాడు.

ఇలాంటివారి దగ్గరికి వెళ్ళేముందు విచారించుకోండి. అందరూ ఒకేలా ఉండరు.

ఎవరికీ తెలియనివ్వకండి

ఇంతకీ ఈ వ్యవహారం మొత్తానికీ మూలం ఇదే. మా పెద్దమ్మాయికి ఇరవై మూడు. సంబంధాలు చూస్తున్నాం. చెల్లెలికి మెంటలు అని ఒక్క మాట బయటికి పొక్కితే ఇంకేమన్నా ఉందా? అందుకని చిన్నదానికి టైఫాయిడ్ అని చెప్పాం. టైఫాయిడ్ మూడు నెలలు ఉండదని ఎవరో అంటే కామెర్లు కలిపాం. ఆ కామెర్లకి మందు చెబుతామని ఇద్దరు చుట్టాలు ఇంటికే వచ్చారు. మా బావగారు నేలఉసిరి తెచ్చారు. పిల్ల అది కూడా తాగింది, పాపం.

జనవరి నెలాఖరున మా ఆవిడ నాకు చెప్పకుండా నగరంలో పిల్లల మానసిక వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంటు తీసుకుంది. ఐదు వారాల తర్వాత దొరికింది. దొరకదు మరి. ఈ దేశంలో లక్ష మందికి 0.75 మంది మానసిక వైద్యులున్నారని లెక్క. అంటే లక్షకి ముప్పావు డాక్టరు. కనీసం ముగ్గురుండాలంటారు. ఆ ముప్పావు డాక్టర్లలోనూ పిల్లల్ని చూసేవాళ్ళు చాలా కొద్దిమంది, వాళ్ళూ పెద్ద నగరాల్లోనే. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనపడింది. అరవై మంది ఉన్న మా చిన్నదాని సెక్షన్‌లో అయితే నలుగురు. మిగతా ముగ్గురి తండ్రులూ నాలాగే టైఫాయిడ్ అని చెబుతున్నారేమో తెలియదు.

ఐదు వారాలకు దొరికిన ఆ తేదీ మార్చి 5. మార్చి 5నే పెద్దదానికి పెళ్ళిచూపులు కుదిరాయి. ఆ రోజు కాకపోతే మళ్ళీ మూఢం వస్తుందో ఏమోనని అబ్బాయి తరఫువాళ్ళు తొందరపడ్డారు. రెండు కాగితాలు ఒకే రోజున వచ్చి బల్ల మీద పడ్డాయి. ఏది అర్జెంటో నిర్ణయించడం నా ఉద్యోగం. డాక్టరు ఆఫీసుకి నేనే ఫోను చేసి ‘పాపకి ఇప్పుడు బాగానే ఉందండీ’ అని చెప్పి రద్దు చేయించాను. చూపులవాళ్ళు వచ్చారు. జీడిపప్పు ఉప్మా తిన్నారు, కాఫీ తాగారు, చిన్నమ్మాయి ఏదని అడిగారు. హాస్టల్లో ఉందన్నాను. అది పక్క గదిలోనే తలుపేసుకుని పడుకుని ఉంది. వారానికి జాతకాలు కలవలేదని కబురొచ్చింది.

రద్దు సంగతి పెద్దదానికి తర్వాతెప్పుడో తెలిసింది. ‘నన్నడిగావా నాన్నా?’ అంది. దానికి సమాధానం నా దగ్గర ఏ సర్క్యులరులోనూ లేదు.

ఆ మాట అడగకండి

మార్చి మూడో వారం. పరీక్షలు మూడు పేపర్లు రాసి మానేసింది. రాత్రి తొమ్మిది దాటాక నేను నెల ఖర్చులు రాసుకుంటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. ‘నాన్నా, నా మీద ఇప్పటిదాకా ఎంతయింది?’ అని అడిగింది. పుస్తకం చూసి చెప్పాను. అణా పైసలతో చెప్పడం అలవాటు. ‘నేను లేకపోతే అది అక్క పెళ్ళికి సరిపోయేదిగా’ అంది.

ఇక్కడ పాటించవలసిన పద్ధతి ‘పిచ్చిమాటలు మాట్లాడకు, పో, పడుకో’ అనడం. అన్నాను. చావు గురించి పిల్లల్ని అడిగితే లేనిపోని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని మా వాళ్ళంతా నమ్ముతాం. డాక్టర్లు దానికి విరుద్ధంగా చెబుతారు. అడిగినందువల్ల ఆలోచన పుట్టదట, ఒంటరిగా మోస్తున్న బరువు దింపుకోవడానికి చోటు దొరుకుతుందట.

మా ఆవిడ నా పద్ధతి పాటించలేదు. వంటింట్లోంచి విన్నది. చేతులు తుడుచుకుని వచ్చి పిల్ల పక్కన కూర్చుని, ‘చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా నీకు?’ అని సూటిగా అడిగింది. పిల్ల ఔనంది. మా ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ‘ఎప్పట్నుంచి?’ అంది.

‘దసరా నుంచి.’

నా రికార్డులో ‘ఏం లేదు’ అని రాసుకున్న రోజుల నుంచి.

‘ఎవరికి ఫోను చేద్దాం?’ అంది మా ఆవిడ నా వైపు తిరిగి. 14416 అని నా నోట్లోంచే వచ్చింది. టెలి మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన సేవ. ఇరవై నాలుగు గంటలూ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. దాని పోస్టరు టపాలో వస్తే మా ఆఫీసు గోడకి మైదాపిండితో అంటించింది నేనే. మూడేళ్ళుగా రోజూ దాని కిందే సంతకం పెట్టి లోపలికి వెళ్తున్నాను.

ఒకమ్మాయి ఎత్తింది. గొంతు చూస్తే మా పెద్దదాని వయసే ఉంటుందనిపించింది. పాప ఇప్పుడు ఎక్కడుంది, ఈ రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు అని అడిగింది. ఇంట్లో ఏవేవి దూరంగా తీసి పెట్టాలో చెప్పింది. పిల్లతో ముప్పావుగంట మాట్లాడింది. పిల్ల ఏం చెప్పిందో మేం వినలేదు, వినొద్దని ఆ అమ్మాయే అంది. చివర్లో నాతో, ‘రేపు పొద్దున్నే మీ జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి, ఆలస్యం చేయకండి సార్’ అంది. ఆ ఆసుపత్రి మా ఆఫీసుకి 300 మీటర్లు. మధ్యాహ్నం టీ తాగడానికి దాని గేటు ముందు బండి దగ్గరికే వెళ్తాను.

మీ ఊళ్ళో మాత్రం చూపించకండి

అందుకే తెల్లవారుజామున నాలుగింటికి కారు మాట్లాడుకుని 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరానికి తీసుకెళ్ళాను. మా ఊరి ఓపీలో చీటీ రాసే గుమస్తాకి నేను తెలుసు, సెక్యూరిటీకి తెలుసు, టీ బండివాడికి తెలుసు. నగరంలో ఎవరికి తెలుసు? కరోనా పోయిన ఇన్నాళ్ళకి మాస్కు మళ్ళీ తీశాను. మంకీ క్యాప్ కూడా పెట్టుకున్నాను, మార్చి ఎండలో.

ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో హాలు. ముప్ఫై మంది దాకా ఉన్నారు. అందరి చూపూ గోడ మీద చేపల తొట్టె వైపే. నేనూ కూర్చుని చేపల్ని చూస్తుంటే పక్క వరసలో ఒకాయన, మాస్కు, నల్ల కళ్ళద్దాలు, ఎక్కడో చూసిన చెప్పులు. ఆయన కాలు కాలు మీద వేసుకుని పాదం ఊపే తీరు తొమ్మిదేళ్ళుగా నాకు కంఠస్థం. మా సెక్షన్‌లో నా ఎదుటి బల్ల ఆయనది. పక్కన వాళ్ళబ్బాయి, డిగ్రీ చదివేవాడు, గోళ్ళు కొరుక్కుంటూ.

ఆయన నన్ను చూశారు. ఇద్దరం ఒకేసారి లేచాం.

‘చెవిలో కొంచెం...’ అన్నారాయన.

‘నాకు మోకాలు’ అన్నాను.

చెవి డాక్టరు కింది అంతస్తు, ఎముకల డాక్టరు పక్క బిల్డింగు. ఇద్దరికీ తెలుసు. ఆయన మెట్లు దిగి వెళ్ళారు, వాళ్ళబ్బాయి లేచి వెనకే వెళ్ళాడు. ఆ పిల్లాడి నంబరు పిలిచినప్పుడు ఎవరూ లేరు. ‘ఎవరండీ, టోకెన్ 17?’ అని నర్సు రెండుసార్లు అరిచింది. ఆ టోకెను నా వల్ల పోయింది. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. మాస్కు వెనకాలే ఉంచుకున్నాను.

డాక్టరు గదిలో మీరే మాట్లాడండి

ఆవిడ పిల్లని ప్రశ్న అడిగితే నేను జవాబు చెప్పాను. నిద్ర ఎలా ఉంది? బాగానే పడుతుందండీ. చదువు? బాగా చదువుతుందండీ, టెన్త్‌లో 571. అన్నం? కొంచెం పేచీ. నాలుగో ప్రశ్నకి ఆవిడ పెన్ను పక్కన పెట్టి ‘మీరు కాసేపు బయట కూర్చుంటారా?’ అన్నారు. అది అవమానమని గొడవ పెట్టుకుని లేచి వచ్చేయమని ఈ సందర్భంలో నా సలహా. పిల్లని ఒంటరిగా డాక్టరుతో వదిలితే నిజాలు బయటపడతాయి. నాకు అప్పటికి ఓపిక లేక బయట కూర్చున్నాను. నలభై నిమిషాలు. నేను లోపల ఉన్నంతసేపు అది రెండు మాటలు మాట్లాడి ఉంటే గొప్ప. తలుపు సందులోంచి ఆపకుండా దాని గొంతు వినపడుతోంది.

డిప్రెషన్ అన్నారు. మందు రాశారు, వారానికోసారి సైకాలజిస్టుతో మాట్లాడాలన్నారు. ఈ తేడా కూడా తెలుసుకోకుండా ఉండటం మంచిది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో చికిత్స చేస్తారు, వారికి భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చూపిస్తారు. ఇవి తెలిస్తే వేలిముద్రల దుకాణానికి ఆరు వేలు కట్టలేరు.

నవ్వగానే మందు ఆపేయండి

మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని మీ చేత్తోనే ఇవ్వండి, మొదటి వారాల్లో దగ్గరుండి కనిపెట్టండి, గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, బాగయ్యాక కూడా నెలల తరబడి వాడాలి, ఆపాలంటే నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇన్ని చెప్పారావిడ. మా అమ్మ ఒకే మాట చెప్పింది. ‘అవి నిద్రమాత్రలురా, అలవాటైపోతాయి, రేపు పెళ్ళయితే పిల్లలు పుట్టరు.’ అలవాటైపోయేవి కావవి. నిద్రమాత్రలూ కావు. కానీ డాక్టరు 140 కిలోమీటర్ల దూరంలో ఉంది, అమ్మ వంటింట్లో ఉంది.

రెండు వారాలకి ఏమీ తేడా లేదు. పనిచేయట్లేదన్నాను. ఐదో వారంలో ఓ సాయంత్రం పిల్ల వాళ్ళక్కతో ఏదో అని ఫక్కున నవ్వింది. పనైపోయిందన్నాను. మందు ఆపేశాను. డిస్పోజ్డ్ అని రాసి ఫైలు కట్టేసినంత తృప్తి. మే నెల మధ్యకల్లా పిల్ల మళ్ళీ రాత్రి మూడింటికి హాల్లో కూర్చుంది.

బీమా సంగతి ఒక్క ముక్క. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఒంటి జబ్బుకి ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే బీమా ఇవ్వాలి. మొదటిసారి ఆసుపత్రిలో కౌంటరు కుర్రాడు ‘ఇది కవర్ కాదు సార్’ అన్నాడు. తల వంచుకుని వచ్చేశాను. గట్టిగా మాట్లాడితే జబ్బు పేరు వరసలో అందరికీ వినపడుతుంది. రూలు పుస్తకం మీద ఇరవై ఆరేళ్ళు బతికినవాణ్ణి రూలు చూపించలేకపోయాను.

చివరికి ఇలా జరగవచ్చు

జబ్బు తిరగబెట్టాక, ఈసారి మా ఆవిడ నన్నడగలేదు. పొద్దున్నే పిల్లకి జడ వేసి, రిక్షా ఎక్కించుకుని నేరుగా మా ఊరి జిల్లా ఆసుపత్రికి వెళ్ళింది. జిల్లాల్లోనూ ఈ వైద్యం అందాలని 1996లోనే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైందట. మందులు ఉచితం. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తుండగా వాళ్ళిద్దరూ టీ బండి పక్కనుంచి గేటు లోపలికి నడిచి వెళ్ళారు. మా ఆవిడ మాస్కు పెట్టుకోలేదు. టీ బండివాడు నమస్కారం పెట్టాడు. ఆవిడ కూడా పెట్టింది. ఆకాశం ఎక్కడా విరిగి పడలేదు. అరగంట ఆగి నేనూ వెళ్ళాను. చీటీ గుమస్తా ‘ఏ డాక్టరు సార్?’ అన్నాడు. ‘సైకియాట్రీ’ అన్నాను. నంబరు రాసి ఇచ్చాడు. అంతే. ‘ఎడం చేతి వైపు మూడో గది’ అన్నాడు.

ఇప్పుడు నెలకి రెండుసార్లు వెళ్తున్నాం. కాలేజీ మార్చేశాం, ఇంటి నుంచే వెళ్తోంది. అన్ని రోజులూ ఒకలా ఉండవు. కోడికూర గిన్నె ఒక్కోసారి ఖాళీ అవుతుంది, ఒక్కోసారి అలాగే ఉంటుంది.

మొన్న మధ్యాహ్నం ఎదుటి బల్ల ఆయన ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. మా సెక్షన్ ఫైలు కాదది. తెరిస్తే లోపల ఏమీ లేదు, ఖాళీ అట్ట. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కాలు ఊపుతూ, గోడ మీది పోస్టరు వైపు చూస్తూ చిన్నగా అడిగారు.

‘మీ మోకాలు ఎలా ఉందండీ?’

‘మోకాలు కాదండీ, మా చిన్నమ్మాయి’ అన్నాను. ‘ఇక్కడే చూపిస్తున్నాం. మంగళ, శుక్రవారాలు ఓపీ. తొమ్మిదిన్నరకల్లా రండి, చీటీలు ఐదో కౌంటర్లో. పాత ప్రిస్క్రిప్షన్లు ఉంటే తీసుకురండి. అబ్బాయికి టిఫిన్ పెట్టి తీసుకురండి, మీరూ తినండి, కొంచెం ఆలస్యమవుతుంది. నేనొస్తాను, ఇద్దరం కూర్చుందాం.’